నాన్నగారికి ఇంట్లోనే 24 గంటల మనిషిని పెట్టాలా, వృద్ధుల హోమ్‌లో చేర్చాలా? నెలకు నిజంగా ఎంత అవుతుంది?

బ్రాడీపేటవాసి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 78 ఏళ్లు, రిటైర్డ్ హెడ్మాస్టర్. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. మాట కాస్త ముద్దగా వస్తోంది కానీ తెలివి, జ్ఞాపకం అన్నీ బాగానే ఉన్నాయి. ఒకళ్లు పట్టుకుంటే లేచి కూర్చుంటారు, బాత్‌రూమ్ దాకా నాలుగడుగులు వేస్తారు. రాత్రిళ్లు మాత్రం రెండు మూడుసార్లు లేవాల్సి వస్తోంది. షుగరు ఉంది, రెండు పూటలా ఇన్సులిన్. అమ్మకి 71, ఆవిడకే మోకాళ్ల నొప్పులు. ఆయన్ని మంచం మీంచి లేపబోయి ఇద్దరూ పడబోయారని పక్కింటివాళ్లు ఫోన్ చేసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

నేను బెంగళూరులో ఉంటాను, చెల్లెలు మియాపూర్‌లో. గుంటూరులో ఒక ఏజెన్సీని అడిగితే, ఇంట్లోనే ఉండి 24 గంటలు చూసుకునే మనిషికి నెలకు 26,000, తిండి మనదే అన్నారు. పగలు 12 గంటలకే అయితే 17,000. మంగళగిరి వైపు ఒక వృద్ధాశ్రమం వాళ్లు ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లకి 30,000, అన్నీ కలిపే అంటున్నారు. చెల్లెలు తన దగ్గరకి తీసుకొచ్చేయమంటోంది కానీ వాళ్లది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఉద్యోగాలకి పోతారు. నాన్నగారికి పెన్షన్ 42,000 వస్తుంది, ఇల్లు సొంతం. 26,000కీ 30,000కీ పెద్ద తేడా ఏముంది, హోమ్‌లో పెడితే నిశ్చింత కదా అని మా మావయ్య అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అలాగని లెక్క తెలియకుండా వాదించలేను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ఇంకా ఈ జీతానికి ఇన్సూరెన్స్‌లో గానీ పన్నులో గానీ ఏమైనా వస్తుందా?

కూకట్‌పల్లి కోడలు:

అన్నయ్యగారూ, మందులు, డైపర్లు, ఫిజియోథెరపీ, రక్తపరీక్షలు ఆయన ఎక్కడున్నా ఉండే ఖర్చులే. ముందు వాటిని పక్కన పెట్టేసి, చోటు మారితే మారే ఖర్చు ఒక్కటే చూడండి. హోమ్ వాళ్లు "అన్నీ కలిపి" అన్నప్పుడు అన్నీ అంటే గది, భోజనం, చూసుకునే మనిషి, అంతవరకే. డైపర్లు, ఫిజియో, ఆస్పత్రికి తీసుకెళ్తే బండి ఖర్చు, వెంట వచ్చిన మనిషికి ఛార్జీ చాలాచోట్ల నెలాఖరు బిల్లులో విడిగా కలుస్తాయి. ఏవి కలిశాయో ఏవి కలవలేదో కాగితం మీద రాసి ఇమ్మనండి.

మీ మావయ్యగారి లెక్కలో అమ్మగారు లేరు. నాన్నగారు హోమ్‌కి వెళ్లినంత మాత్రాన ఇంటికి తాళం వేయరు కదా. పాలు, గ్యాస్, కరెంటు, పనిమనిషి అన్నీ అలాగే నడుస్తాయి, తగ్గేది ఆయన ఒక్కరి భోజనం. కాబట్టి ఆ 30,000 దాదాపు మొత్తం అదనమే. పైగా ఆవిడ ఆయన్ని చూడకుండా ఉండలేరు, ఆ మోకాళ్లతో రోజు విడిచి రోజు మంగళగిరికి ఆటో ఎక్కి వెళ్లొస్తారు. పోనీ ఇద్దర్నీ చేర్చేద్దామంటే ఇద్దరికీ కట్టాలి, పెన్షన్ సరిపోదు. ఇక ఇంట్లో మనిషిని పెడితే ఆ మనిషి వల్ల అమ్మగారికీ సాయం దొరుకుతుంది. ఆ విలువ ఏ కొటేషన్‌లోనూ కనపడదు.

అలాగని 26,000 కూడా 26,000 దగ్గర ఆగదు. మా అత్తగారు తుంటి ఎముక విరిగి మంచాన ఉన్నప్పుడు ఏజెన్సీ ద్వారానే మనిషిని పెట్టాం. టిఫిను, రెండు పూటలా భోజనం, టీలు కలిపి ఆ అమ్మాయికి నెలకు నాలుగైదు వేలు అయ్యేది. మొదట్లో రిజిస్ట్రేషన్ ఫీజు అని ఒకటి, ఒక నెల డిపాజిట్ ఒకటి తీసుకున్నారు. నెలకు రెండు సెలవులు, ఆ రోజుల్లో వేరే మనిషిని పంపితే రోజు కూలీ లెక్కన విడిగా కట్టాం. సబ్బు, నూనె, ఫోన్ రీఛార్జి, పండక్కి చీర, ఇవన్నీ మనుషులన్నాక ఉంటాయి. మీకు గుంటూరులో కూడా 32, 33 వేలకి తేలుతుందనే అనుకోండి.

చెల్లెలి దగ్గర పెడితే ఖర్చు లేదనుకోకండి. ఇద్దరూ ఆఫీసుకి పోతే పగటి మనిషి ఎలాగూ కావాలి, హైదరాబాద్‌లో అదే 12 గంటలకి గుంటూరు కంటే ఎక్కువ అడుగుతారు. రాత్రి లేచేది మీ చెల్లెలే. ఆ నిద్ర లేమితో పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ కష్టానికి డబ్బులు ఇవ్వం కాబట్టి ఎవరూ లెక్కలో వేయరు, వేయాలి.

ఇంకొకటి, ఏదీ నిర్ణయించకముందే ఒక వారం రోజులు నోట్‌బుక్ పెట్టించండి. ఎన్నింటికి లేచారు, మూత్రానికా, దాహానికా, ఊరికే మెలకువ వచ్చిందా, మళ్లీ పడుకోవడానికి ఎంతసేపు పట్టింది అని అమ్మగారు టైము వేసి రాస్తే చాలు. మాకు ఆ పుస్తకం చూశాకే ఎలాంటి మనిషి కావాలో అర్థమైంది.

బెజవాడ సిస్టర్:

నేను జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి చాలాకాలం ఇళ్లలో పేషెంట్లని చూశాను, ఇప్పుడు అటెండర్లకి డ్యూటీలు వేసే పనిలో ఉన్నాను. పైన అక్క చెప్పిన నోట్‌బుక్ తప్పకుండా పెట్టండి. మీ ఖర్చు మొత్తం రాత్రి మీదే ఆధారపడి ఉంది.

24 గంటల మనిషి అంటే 24 గంటలూ మెలకువగా ఉండే మనిషి కాదు. తనకీ రాత్రి ఐదారు గంటలు నిద్ర ఉండాలి, పగలు ఒక గంటో రెండు గంటలో నడుం వాల్చాలి. రాత్రి ఒకసారి లేచి పది నిమిషాల్లో మళ్లీ పడుకోగలిగితే ఒక్క మనిషి హాయిగా చేస్తాడు. మూడుసార్లు లేచి, లేచినప్పుడల్లా బాత్‌రూమ్ దాకా నడిపించి తీసుకురావాలంటే ఎవరూ నిలవరు. వచ్చినవాళ్లు పది రోజులకే ఇంటికెళ్లిపోతున్నారని ఏజెన్సీల మీద కోపం తెచ్చుకునే ఇళ్లు చాలా చూశాను, అక్కడ ఆ మనిషికి నిద్ర ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. అప్పుడు పగలొకరు రాత్రొకరు కావాలి. 17,000కి తోడు రాత్రి షిఫ్ట్ ఇంకో 17, 18 వేలు, 35,000 దాకా అక్కడే అయిపోతుంది.

కాబట్టి మనిషిని పెట్టకముందే రాత్రి లేవడం ఎంత తగ్గించగలమో చూడండి. ఆయన బీపీకి వాడే మందుల్లో నీళ్ల మాత్ర, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర ఉందా, ఉంటే ఏ పూట వేస్తున్నారు? సాయంత్రం వేస్తుంటే పొద్దున్నకి మార్చొచ్చేమో డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు మార్చకండి. రాత్రి షుగరు ఎక్కువగా ఉన్నా మూత్రం ఎక్కువ వస్తుంది. ఆ వయసులో ప్రోస్టేట్ కూడా ఒకసారి చూపించాలి. మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేయండి, మూడు నాలుగు వేలలో మంచిది వస్తుంది. మూత్రానికైతే యూరిన్ క్యాన్ చేతికి అందేలా పెడితే ఎడమ చెయ్యి బాగానే ఉంది కాబట్టి చాలావరకు ఆయనే చూసుకోగలరు. హెడ్మాస్టరుగా బతికిన మనిషికి అది కొంచెం ఊరట కూడా.

లేపడం గురించి ఇప్పుడే చెప్పేస్తాను, అటెండర్ వచ్చేదాకా ఆగొద్దు. పడిపోయిన కుడి చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి పోదు. కుర్చీ ఆయనకి బలం ఉన్న ఎడమ వైపు, మంచానికి ఆనించి వేయండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేసి ఉందో లేదో చూసుకోవాలి. ఆయన ముందుకి వంగి ఎడమ కాలి మీద బరువు వేస్తూ లేవాలి, మీరు నడుం దగ్గర పట్టుకోవాలి. ఫిజియో వచ్చినప్పుడు అమ్మగారికీ వచ్చే మనిషికీ ఒకేసారి నేర్పించమనండి. ఆయన బరువు రాయలేదు మీరు. 70 కిలోలు దాటితే మగ అటెండర్నే అడగండి, రెండు మూడు వేలు ఎక్కువైనా సరే. ఆడపిల్లలు అంత బరువు ఎత్తీ ఎత్తీ నడుములు పోగొట్టుకుంటున్నారు.

ఇన్సులిన్ కోసం నర్సుని పెట్టక్కర్లేదు. ట్రెయినింగ్ అయిన నర్సు అంటే 12 గంటలకే అటెండర్‌కి రెట్టింపు అడుగుతారు. ముక్కులో ట్యూబు, గొంతులో ట్యూబు, మానని పుండు లాంటివి ఉంటేనే ఆ అవసరం. ఇంజెక్షన్లు చేయడం అటెండర్ పని కాదు, వంట, అంట్లు కూడా కాదు. ఇన్సులిన్ పెన్ను వాడటం అమ్మగారికి నేర్పించండి. పొద్దున్న, సాయంత్రం ఆవిడ వేస్తే చాలు.

చివరగా ఏజెన్సీ వాళ్లని నేరుగా అడగండి, నేను కట్టే 26,000లో ఆ మనిషి చేతికి ఎంత వెళ్తుంది అని. ఎంతో కొంత ఆఫీసు తీసుకుంటుంది, అది మామూలే, కానీ మరీ ఎక్కువ మిగుల్చుకునే చోట మనుషులు నిలవరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి, ఒడిశా నుంచి ఇల్లు వాకిలి వదిలి వచ్చి మన వాళ్లకి మలమూత్రాలు ఎత్తుతున్నారు. సొంతంగా మంచం, ఫ్యాను, తలుపు వేసుకునే చోటు, ఇంట్లోవాళ్లు తినే అన్నమే వాళ్లకీ, ఇవి చూడండి.

తెనాలి నుంచి:

నాది వేరే అనుభవం. అమ్మ పోయాక నాన్న ఒక్కరే, మతిమరుపు జబ్బు ముదిరి గేటు తీసుకుని వెళ్లిపోయేవారు. ఇంట్లో మనిషిని పెడితే ఆ మనిషి సరిగ్గా చూస్తున్నాడో లేదో చూసే ఇంకో మనిషి ఇంట్లో ఉండాలి. మాకు లేరు. అందుకే హోమ్‌లో చేర్చాం, ఇప్పటికీ అది సరైన పనే అంటాను. నెలకు 28,000తో మొదలైంది, మంచానికే పరిమితమయ్యాక 36,000 చేశారు. చేరేటప్పుడే ఇది అడగాలి, పరిస్థితి మారితే రేటు ఎంత మారుతుంది అని. మీరు పగలు వెళ్లి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రాత్రి పదింటికి వెళ్లి ఎంతమందికి ఎంతమంది మనుషులు ఉన్నారో చూడండి. డిపాజిట్ ఎప్పుడు, ఎంత కోసుకుని తిరిగి ఇస్తారో కూడా రాయించుకోండి. మీ ఇంట్లో అమ్మగారు ఉన్నారు, నాన్నగారికి తెలివి బాగుంది, మీ విషయంలో నేనైనా ఇంటికే ఓటేస్తాను.

లెక్కల మాస్టారు:

డబ్బు వెనక్కి వస్తుందా అన్నదానికి జవాబు. ఇంట్లో చూసుకునే మనిషి జీతాన్ని మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ ఇవ్వదు. 70 దాటినవాళ్లకి ఉచిత వైద్యం కోసం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డులో 5 లక్షలున్నా అది ఆస్పత్రిలో చేరితేనే. పన్ను విషయంలో, మీ నాన్నగారి పెన్షన్ ఏడాదికి 5 లక్షల చిల్లర, కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి ఆయనకి మిగిలేదీ పోయేదీ ఏమీ లేదు. పాత విధానంలో వైకల్యం ఉన్న తల్లిదండ్రుల పేరుతో పిల్లలు తీసుకునే మినహాయింపు ఒకటి ఉంది, 40 శాతం వైకల్యం దాటితే 75,000, 80 శాతం దాటితే 1,25,000. కానీ తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉండాలి. సొంత పెన్షన్ ఉన్న మీ నాన్నగారికి అది కుదరదు.

అయినా వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ బుక్ చేసుకోండి, ముందు ముందు పనికొస్తుంది. ఇది చదివే వేరేవాళ్లకి కూడా చెప్తున్నాను, సర్వీసు పెన్షన్ లేని పేద కుటుంబాల్లో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకి ఏపీలో ఎన్టీఆర్ భరోసా పింఛన్ల కింద నెలకు 15,000 ఇస్తున్నారు, దానికి ఆ సర్టిఫికెట్టే ఆధారం. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది, దగ్గర్లోని హోమ్‌ల వివరాలు కావాలంటే అక్కడ అడగొచ్చు.

బ్రాడీపేటవాసి:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి నుంచే అమ్మ చేత నోట్‌బుక్ మొదలుపెట్టించాను. నీళ్ల మాత్ర ఉంది, రాత్రి భోజనం తర్వాత వేస్తున్నారట! ఎల్లుండి డాక్టర్ దగ్గరకి వెళ్తున్నాం. నాన్నగారు 74 కిలోలు, మగ మనిషే కావాలని ఏజెన్సీకి చెప్పాను, 28,500 అడిగారు. తిండి, సెలవులు, చిల్లర ఖర్చులు కలిపి 35,000 అనుకుంటున్నాను. పెన్షన్‌లో మిగిలేది మందులకి, ఫిజియోకి చాలదు, ఆ పైది నేనూ చెల్లెలూ చెరిసగం వేసుకుంటాం. ఆరు నెలలు ఇలా నడిపి చూస్తాం. ఒక్క సందేహం, ఈ మగ అటెండర్ది పలాస దగ్గర ఊరు, సంక్రాంతికి వారం రోజులు వెళ్లాలని ఇప్పుడే చెప్పాడు. అప్పుడు ఎలా?

బెజవాడ సిస్టర్:

ముందే చెప్పాడంటే మంచివాడే, పంపించండి. సంక్రాంతికి ఏ ఏజెన్సీలోనూ మనుషులు దొరకరు, దొరికినా రోజుకి రెట్టింపు అడుగుతారు. మీరూ మీ చెల్లెలూ ఆ వారం సెలవులు పంచుకుని ఇప్పుడే పెట్టేసుకోండి. అది కుదరకపోతే ఆ వారానికి మాత్రం చేర్చుకునే హోమ్‌లు కొన్ని ఉంటాయి, డిసెంబరు మొదట్లోనే మాట్లాడి పెట్టుకోవాలి. అతను వెళ్లేముందు ఒక పూట మీరు పక్కనే నిలబడి ఆయన్ని లేపడం, స్నానం చేయించడం మీ చేతులతో చేసి చూడండి.