అప్‌డేట్: టాండెమ్ చైన్ జారడం ఆగింది, 200 కి.మీ. పూర్తి చేశాం

వారధి ఎక్కేటప్పుడు మా టాండెమ్‌కి (ఇద్దరు కలిసి తొక్కే సైకిల్‌కి) ఎడమవైపు, రెండు పెడల్ సెట్లను కలిపే చైన్ జారిపోతోందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. వెనక గేర్లు సెట్ చేయించాను కానీ, దానికీ దీనికీ సంబంధమే లేదు. ముందు పెడళ్ల ఇరుసు కూర్చునే ఎక్సెంట్రిక్ (తిప్పి చైన్ బిగువు సరిచేసే గుండ్రటి భాగం) బోల్టులు వదులై అది తిరిగిపోయిందని విజయవాడలో ఒక పెద్దాయన, మెకానిక్, పట్టుకున్నారు. చైన్‌ని మధ్యలో వేలితో నొక్కితే సెంటీమీటరు ఆడేలా బిగించారు.

వెనక కూర్చునే మా తమ్ముడికి చూపు లేదు. గేరు మార్చేముందు గట్టిగా చెప్పి, ఇద్దరూ ఒకేసారి ఒత్తిడి తగ్గించమన్న సలహా మాత్రం బంగారం!

ఆదివారం బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన 200 కి.మీ. సైకిల్ రైడ్) 12 గంటల 40 నిమిషాల్లో ముగించాం, గడువు పదమూడున్నర. మంగళగిరి దగ్గర ఎదురుగాలి కొట్టినా చైన్ జారలేదు. దిగగానే తమ్ముడు చైన్ తడిమి చూసి, నూనె వేళ్లతోనే నా చెయ్యి పట్టుకున్నాడు.