కటింగ్ మధ్యలో పిలుపులు: మీరెలా నెట్టుకొస్తున్నారు?

తణుకు టైలరమ్మ:
ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మామూలు రోజుల్లో ఎలాగో గడిచిపోతుంది. శ్రావణం వచ్చిందంటే మాత్రం వరలక్ష్మీ వ్రతం నాటికి అందరివీ అయిపోవాలి. కుట్టడం బరువు కాదు, గుమ్మం దగ్గర పిలుపులే చంపేస్తున్నాయి. "ఒక్క హుక్కేగా", "చంక కాస్త వదులు చెయ్యమ్మా, నిలబడే ఉంటా", "ఫాల్ అయిందా?" ఎవరికీ ఐదు నిమిషాలకు మించిన పని ఉండదు పాపం.

మొన్న ఒక పట్టుచీర జాకెట్టు. చీరతో వచ్చిన ముక్కే, పాడైతే ఇంకోటి దొరకదు. వెనక భాగం కోసేశాను, మెడ 9 అంగుళాలు. దాన్నే ముందు భాగం గుడ్డ మీద పరిచి చుట్టూ గీశాను. ముందు మెడ ఆరున్నరకి వేరే గీయాలి. ఇంతలో పక్కింటి పిన్నిగారు "మీకు గ్యాస్ బండ వచ్చిందా?" అంటూ వచ్చారు. మాట్లాడి వచ్చి కత్తెర పట్టుకున్నా. చెయ్యి తిన్నగా వెనక మెడ గీత మీదే పోయింది. ముందూ తొమ్మిదే! తొడుక్కునే ఆవిడకి అరవై ఏళ్లు. జరీ ముక్క అతికి ఇచ్చాను, కూలి తీసుకోలేదు. ఆవిడ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

తలుపేసుకుంటే పొగరంటారు. వచ్చేదంతా మా వీధివాళ్లే, వాళ్లతోనే నా బతుకు. ఏం చెయ్యను?

ఖమ్మం కుట్టుమిషన్:
చెల్లీ, నేను ఇరవై ఏళ్ల నుంచి కుడుతున్నా. మిషన్ మీద ఉన్నప్పుడు ఎవరు పిలిచినా నష్టం లేదు. సూది గుడ్డలో దించి లేస్తే కుట్టు ఆగిన చోటే ఉంటది. కటింగ్ అట్ల కాదు. అందుకే కటింగ్ మొత్తం తెల్లారి నాలుగున్నరకు పెట్టుకుంటా. ఆరు జాకెట్లు కోసి, దేనికది లైనింగుతో చుట్టి, కొలతల చీటీ గుచ్చి, పీలికతో కట్టేస్తా. పగలంతా కుట్టుడే. లైనింగు ముందు రోజే తడిపి ఆరేసుకో, పొద్దున దానికోసం ఆగొద్దు. ముక్క పరవంగనే చాక్‌తో 'ము', 'వె' రాసెయ్. ముందు మెడ గీయకుండ కత్తెర ముట్టకు.

అనకాపల్లి మావయ్య:
మా ఆవిడా టైలరే. "కొలతలు సాయంత్రం 5 నుంచి 7 వరకే" అని బోర్డు రాసిచ్చాను. చదివి మరీ తలుపు కొట్టేవారు, "అది మాక్కాదులే" అని. తర్వాత గేటు దగ్గర ఒక బుట్ట, చీటీలు, పెన్ను పెట్టాం. హుక్కులకీ, వదులు చేయడానికీ తెచ్చినవి పేరు రాసి అందులో వేసి పోతున్నారు. చేతిలోంచి దించుకోవడమే వాళ్లకి కావాల్సింది, మనతో మాట్లాడటం కాదు. ఫాల్ అయ్యాక ఫొటో వాట్సాప్‌లో పెడుతుంది, "అయిందా" ఫోన్లు చాలావరకు తగ్గాయి.

నైట్ షిఫ్ట్:
ఫోన్ బియ్యం డబ్బాలో పెట్టెయ్యండి.

తణుకు టైలరమ్మ:
పెట్టి చూశానండీ. అందులోంచే మోగింది, మా అత్తయ్య తీసి తెచ్చి ఇచ్చారు.

ఖమ్మం అక్కా, మార్కింగు రాత్రే చేసుకుని, నువ్వు చెప్పినట్టే ఇవాళ నాలుగున్నరకి లేచాను. ఐదో జాకెట్టు మీద కత్తెర పెట్టానో లేదో, బెల్లు. పాలబ్బాయి. ఈ నెల లెక్క ఇప్పుడే చూడాలట.