1999లో ఒక్క ఓటు తేడా: స్పీకర్ బాలయోగి గారు ఓటు వేయగలిగేవారా?

ప్రశ్న (కోనసీమ వాసి):
1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంపై 269–270తో ఓడిపోయినప్పుడు మా ఇంటిల్లిపాదీ టీవీ ముందే ఉన్నాం. తెలుగుదేశం సభ్యులు ప్రభుత్వానికే ఓటు వేశారు. సభాపతి స్థానంలో ఉన్నది అదే పార్టీకి చెందిన మా అమలాపురం సభ్యుడు జి.ఎం.సి. బాలయోగి గారు. "మనవాడు ఒక్క ఓటు వేస్తే సరిపోయేది కదరా" అని మా నాన్నగారు ఆ రోజు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. ఆయన నిజంగా వేయలేరా, వేయకూడదని తానే అనుకున్నారా? రాజ్యసభలోనూ ఇదే పద్ధతా?

సమాధానం (పౌరశాస్త్రం మాస్టారు):
వేయలేరండి. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం సభాధ్యక్షులు మొదటి విడతలో ఓటు వేయరాదు. ఇరుపక్షాల ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే నిర్ణాయక ఓటు వేస్తారు, అప్పుడు వేయక తప్పదు కూడా. మీ నాన్నగారి లెక్కలో చిన్న చిక్కుంది: ఆ ఓటు కలిసినా 270–270 అయ్యేదే తప్ప గెలుపు దక్కేది కాదు. రాజ్యసభలోనూ ఇదే నియమం. కాకపోతే అక్కడ అధ్యక్షులైన ఉపరాష్ట్రపతి అసలు ఆ సభ సభ్యులే కారు. అందుకే తనను తొలగించే తీర్మానం వచ్చినప్పుడు లోక్‌సభ స్పీకర్ సభ్యుడిగా ఓటు వేయవచ్చు గానీ, రాజ్యసభ అధ్యక్షులు మాట్లాడగలరే తప్ప ఓటు వేయలేరు.

సమాధానం (అనంతపురం పాఠకుడు):
పార్టీ సంగతి కూడా చూడాలి. మా జిల్లావారైన నీలం సంజీవరెడ్డి గారు 1967లో స్పీకర్ కాగానే కాంగ్రెస్ సభ్యత్వాన్ని వదులుకున్నారు. ఆ తర్వాత ఆ దారిలో నడిచినవారు లేరు. ఫిరాయింపుల చట్టం స్పీకర్‌కు ఆ వెసులుబాటు ప్రత్యేకంగా ఇచ్చినా, బాలయోగి గారు తెలుగుదేశంలోనే ఉండి, 1999 ఎన్నికల తర్వాత మళ్లీ స్పీకర్ అయ్యారు. మాటల్లో మాట, 1967 నుంచి 1969 వరకు లోక్‌సభలో సంజీవరెడ్డి గారు, రాజ్యసభలో వి.వి. గిరి గారు అధ్యక్షులు. చివరికి ఇద్దరూ పదవులు వదిలి రాష్ట్రపతి ఎన్నికలో ఒకరిపై ఒకరు పోటీ చేశారు, గిరి గారు గెలిచారు. రెండు సభల అధ్యక్షులు అలా ఎదురెదురుగా నిలబడడం నాకు ఎప్పటికీ వింతగానే తోస్తుంది.

ప్రశ్న (కోనసీమ వాసి):
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి గిరిధర్ గమాంగ్ ఓటు మాటేమిటి?

సమాధానం (పౌరశాస్త్రం మాస్టారు):
అసలు విషయం అదే. గమాంగ్ ఆ ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ లోక్‌సభకు రాజీనామా చేయలేదు. శాసనసభ సభ్యత్వం లేకుండా ఆరు నెలలు ముఖ్యమంత్రిగా ఉండే వీలుంది కాబట్టి సాంకేతికంగా ఆయన ఎంపీయే. ఓటు వేయాలా వద్దా అన్నది బాలయోగి గారు ఆయన విచక్షణకే వదిలేశారు. ఆయన ప్రభుత్వానికి వ్యతిరేకంగా వేశారు. స్పీకర్ ఫలితాన్ని మార్చగల సందర్భం ఏదైనా ఉందంటే, నా ఉద్దేశంలో అదొక్కటే. గమాంగ్‌ను ఆపి ఉంటే లెక్క 269–269 అయ్యేది, నిర్ణాయక ఓటు బాలయోగి గారి చేతికి వచ్చేది.