బ్రీత్ అనలైజర్‌లో సున్నా వస్తే డ్రైవర్‌కు తాళం ఇచ్చేయొచ్చా?

యార్డ్ ఇన్‌ఛార్జ్:
గచ్చిబౌలి వైపు ఆఫీసు క్యాబ్‌లు, రెండు స్కూల్ బస్సులు మావి. పొద్దున 5కి బండ్లు తీసేముందు గేటు దగ్గరే డ్రైవర్లతో ఊదిద్దామనుకుంటున్నాం. మూడు సందేహాలు. రాత్రి తాగి పడుకున్నోళ్లకు పొద్దున 20, 25 అలా చూపిస్తే ఏం చేయాలి? లాలాజలంతో మత్తుమందు కనిపెట్టే కిట్లు మనం వాడొచ్చా? మిషన్‌లో సున్నా వచ్చి, కళ్లు మాత్రం మూతలు పడుతున్న మనిషి సంగతేంటి? రోడ్డు మీద ఆపి నిద్రమత్తును పట్టే మిషన్ ఏదైనా ఉందా?

మీటర్ మాస్టర్:
చట్టం గీసిన గీత 100 మి.లీ. రక్తానికి 30 మి.గ్రా. ఆల్కహాల్ (మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 185). అది కేసు పెట్టడానికి గీత. పిల్లల బస్సుకు మీరు సున్నా పెట్టుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు. 20 వచ్చిందంటే రాత్రి బాగానే పట్టించాడని అర్థం. శరీరం గంటకు 10 నుంచి 20 దాకా దించుతుంది, సగటున 15 వేసుకోండి. అర్ధరాత్రి 12కి 135 ఉన్నవాడు పొద్దున 5కి ఇంకా 60 దగ్గర, 7కి 30 దగ్గర ఉంటాడు. నిమ్మరసం, చన్నీళ్ల స్నానం, స్ట్రాంగ్ కాఫీ ఈ లెక్కను ఒక్క పాయింటు కూడా మార్చవు.

ఊదించే పద్ధతిలోనే తప్పులన్నీ జరుగుతాయి. ముందు మిషన్‌తో ఖాళీ గాలి చూడండి, 0 రావాలి. మౌత్‌పీస్ మనిషికొకటి, కవరు డ్రైవర్ ఎదుటే చింపాలి. బీప్ ఆగేదాకా ఒకే బిగిన ఊదాలి. బుగ్గల్లో గాలి నింపి ‘ఉఫ్’మంటే ఊపిరితిత్తుల లోపలి గాలి రాదు, రీడింగ్ తక్కువొస్తుంది. ఈ కిటుకు పాత డ్రైవర్లందరికీ తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్ చేతికి శానిటైజర్ రాసుకుని, అది ఆరకముందే మిషన్ పట్టుకుంటే తాగనివాడికి కూడా అంకె లేస్తుంది.

మౌత్‌వాష్, దగ్గు మందు, హోమియో చుక్కలు నోట్లో ఆల్కహాల్ వదులుతాయి. అంకె వచ్చిందని వెంటనే గొడవకు దిగొద్దు. నీళ్లతో పుక్కిలించమని చెప్పి, కూర్చోబెట్టి, 15 నిమిషాల తర్వాత మళ్లీ ఊదించండి. నోట్లోదైతే సున్నాకు పడిపోతుంది. రక్తంలోదైతే 15 నిమిషాలకు మూడు నాలుగు పాయింట్లే తగ్గుతుంది. ఈ రెండో రీడింగే అసలు సాక్ష్యం, రెండిటికీ టైము రాసి సంతకం తీసుకోండి.

కాలిబ్రేషన్ (మిషన్ అంకె సరిగ్గా ఉందో చూసి దిద్దడం) తయారీదారు చెప్పిన గడువుకు చేయించాల్సిందే. మిషన్‌లో ఆల్కహాల్‌ను పట్టే భాగం ఫ్యూయల్ సెల్. దాని లోపల ప్లాటినం మీద ఆల్కహాల్ ఆక్సీకరణ చెందితే పుట్టే కరెంటునే మిషన్ కొలుస్తుంది. సెల్ ముసలిదయ్యేకొద్దీ ఆ కరెంటు తగ్గుతుంది. అంటే పాతబడ్డ మిషన్ అమాయకుణ్ని ఇరికించడం అరుదు, తాగినవాణ్ని వదిలేయడం మామూలు.

ల్యాబ్ కోటు:
కిట్ సంగతి. చాలామంది గీతల్ని తిరగేసి చదువుతారు. ఈ స్ట్రిప్స్‌లో గీత కనిపిస్తే ఆ మందు లేనట్టు, గీత రాకపోతే అనుమానం. లేతగా వచ్చినా గీత గీతే. కిట్ పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీత రాకపోతే కిట్ చెల్లదు, పారేసి కొత్తది తీయండి. పాన్, గుట్కా నోట్లో ఉంటే కడిగించి 10 నిమిషాలు ఆగాలి. స్వాబ్ (లాలాజలం పీల్చే పుల్ల) తడిసిందన్న గుర్తు రంగు మారేదాకా బుగ్గలోపలే ఉంచాలి. గంజాయి తాగినవాడికి నోరు ఎండిపోతుంది, తొందరపడి తీస్తే స్వాబ్‌కు చాలినంత అంటదు.

గీత రాలేదని దొంగను పట్టినట్టు చేయకండి. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా ఓపియేట్ (నల్లమందు రకం మత్తు) గడిలో గీతను మాయం చేస్తుంది. ల్యాబ్‌లో నిర్ధారణ అయ్యేదాకా అది అనుమానమే. ఇంకోటి, జలుబుకు వేసుకునే సిపిఎం (క్లోర్‌ఫెనిరమిన్) మాత్ర మనిషిని బాగా తూలిస్తుంది, ఏ కిట్‌లోనూ కనపడదు. అందుకే ‘ఏం మాత్రలేసుకున్నావ్?’ అని నోటితో అడగాలి.

రోడ్డు మీదైతే ఊదనని మొండికేసి బయటపడలేరు. తాగాడన్న అనుమానానికి ఆధారముంటే సెక్షన్ 203 కింద ఆ నిరాకరణకే అరెస్టు చేయొచ్చు. అరెస్టయిన రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి. రక్తం తీసేముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. సోడియం ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబ్‌లోనే తీయాలి, లేకపోతే నిల్వలో సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టి అంకెను మార్చేస్తాయి.

యార్డ్ ఇన్‌ఛార్జ్:
గీతల సంగతి మాకు తెలీదు, థ్యాంక్స్ అన్నా. మరి నిద్ర?

నైట్ షిఫ్ట్:
రోడ్డు పక్కన గొట్టం పెట్టి నిద్రను కొలిచే మిషన్ లేదు. సెక్షన్ 186లో శారీరకంగా, మానసికంగా బండి నడిపే స్థితిలో లేనివాళ్ల మాట ఉంది కానీ, దానికి అంకె లేదు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి తీరు రక్తంలో 50 మి.గ్రా. ఉన్నవాడితో సమానమని పరిశోధనల్లో తేలింది. పొద్దున 6కి లేచి రాత్రి 11కి ట్రిప్పు ఎక్కినవాడు మన 30 గీత ఎప్పుడో దాటేశాడు, మిషన్‌లో మాత్రం 0.00.

‘నిద్రొస్తోందా?’ అని అడగొద్దు. ‘లేదు సార్’ అనే జవాబు రెడీగా ఉంటుంది. రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్, ఎన్నింటికి లేచావ్, చివరి డ్రాప్ ఎక్కడ, ఈ మూడూ అడిగి జీపీఎస్‌తో పోల్చండి. ఉప్పల్‌లో 1:30కి చివరి డ్రాప్, 5కి పికప్ అంటే మధ్యలో ఇంటికి వెళ్లిరావడం పోగా రెండున్నర గంటలు పడుకుని ఉంటే గొప్ప. మీ డ్యూటీ దిగాక సొంత బండితో యాప్ ట్రిప్పులు కొట్టేవాళ్లు మీ జీపీఎస్‌కు దొరకరు, అక్కడే చిక్కంతా. మోటారు రవాణా కార్మికుల చట్టం (1961) రోజుకు 8 గంటలు, వారానికి 48, 5 గంటల పని తర్వాత అరగంట విరామం అనేది. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. మీ రోస్టర్ ముందు ఇప్పటి నిబంధనలకు సరిపోతుందేమో చూసుకోండి.

ఫోన్‌లో 3 నిమిషాల రియాక్షన్ పరీక్ష పనికొస్తుంది. చుక్క కనపడగానే తట్టాలి, 355 మిల్లీసెకన్లు దాటితే అది తప్పిన తట్టు. సెలవు తర్వాత తాజాగా వచ్చిన రోజు తీసిన స్కోరుతోనే ఆ మనిషిని పోల్చండి, పక్కవాడితో కాదు. చూడాల్సినవి ఇంకొన్ని: రెప్ప వేగంగా కొట్టుకోదు, మెల్లగా దిగి ఒక క్షణం అక్కడే ఆగుతుంది. ఫామ్ మీద సంతకం గీత కిందికి జారుతుంది.

ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు 100 కి.మీ. వేగంలో 3 సెకన్ల కునుకంటే 83 మీటర్లు. కిటికీ దించడం, పాటలు పెంచడం కాసేపటి ముచ్చట. చాయ్ తాగి వెంటనే 15, 20 నిమిషాలు కన్ను మూయమనండి. చాయ్ పనిచేయడానికి కూడా దాదాపు అంతే టైము పడుతుంది. అరగంట దాటితే లేచాక తల దిమ్మెక్కుతుంది. ఎనిమిది గంటలు పడుకుని కూడా తూగుతూ, గట్టిగా గురకపెట్టేవాణ్ని తిట్టకండి, డాక్టర్ దగ్గరికి పంపండి. నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు.

ఒకటి మాత్రం మరువొద్దు. నిద్ర చాల్లేదని నిజం చెప్పినవాడి ఆ రోజు కూలి కోసేస్తే, రేపటి నుంచి మీ గేటు దగ్గర అందరూ ఎనిమిది గంటలు పడుకున్నవాళ్లే.

మీటర్ మాస్టర్:
దానికోసమే స్టాండ్‌బై డ్రైవర్‌ను పెట్టుకోమనేది. రోడ్డు మీద దొరికినా అతనే దిక్కు. తాగని మనిషి పక్కనుంటే బండి వాళ్లకు అప్పగించాలని, లేకపోతే బంధువులకో యజమానికో కబురు పెట్టాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆర్సీ కాపీ, స్టాండ్‌బై నంబరు ప్రతి బండి డ్యాష్‌బోర్డులో పెట్టేయండి.