1948 జూన్: జర్మనీని లేపింది కొత్త మార్కా, మార్షల్ డాలరా?

శేషగిరి_ఎమ్మే:
వేరే థ్రెడ్‌లో సగం సగం నడుస్తున్న గొడవని ఇక్కడికి మార్చాను. నిఖార్సు గారి వాదన: పశ్చిమ జర్మనీ లేచింది 1948 జూన్‌లో కొత్త మార్కు వచ్చి, అక్కడి ఆర్థిక శాఖ అధిపతి ఎర్హార్డ్ ధరల కట్లు తెంచినందువల్లే, మార్షల్ ప్లాన్‌ది (యుద్ధం తర్వాత యూరప్‌కి అమెరికా ఇచ్చిన సాయం) ఒట్టి ప్రచారం. బెజవాడ బ్యాంకరు గారి మాట: డాలర్లు లేకపోతే ఆ మార్కు ఏడాది నిలిచేది కాదు. ఇద్దరూ తారీఖులతో రాయండి. పోయినసారిలా తిట్లొద్దు.

నిఖార్సు:
తారీఖులే కావాలంటే తీసుకోండి. 1936లో ధరలు బిగించేశారు. యుద్ధం ఖర్చుకి నోట్లు అచ్చేస్తూ పోయారు, చెలామణి పదింతలు దాటింది, కాగితం మీద ధర మాత్రం కదల్లేదు. 1945 తర్వాత గెలిచినవాళ్లు కూడా అవే కట్లు ఉంచారు. దాంతో ఏమైంది? పాత డబ్బు రైష్‌మార్కు ఇస్తే రైతు బంగాళాదుంప అమ్మడు. ఫ్యాక్టరీవాడు సరుకు గోదాములో తొక్కిపెడతాడు. కూలీ పని ఎగ్గొట్టి పల్లెకి పోయి, గడియారమో దుప్పటో ఇచ్చి తిండి తెచ్చుకుంటాడు. ఊళ్లో అసలు డబ్బు అమెరికన్ సిగరెట్టు.

జూన్ 18 శుక్రవారం సాయంత్రం ప్రకటన. 20 ఆదివారం రేషన్ కార్డులిచ్చే చోటే తలకి 40 కొత్త మార్కులు పంచారు. సోమవారం పొద్దున షాపుల అద్దాల వెనక గిన్నెలు, బూట్లు, సైకిల్ టైర్లు! 24న ఎర్హార్డ్ చట్టం అమల్లోకొచ్చి చాలా సరుకుల మీద ధరల అదుపు పోయింది. 1936ని 100 అనుకుంటే పారిశ్రామిక ఉత్పత్తి జూన్‌లో 50 చిల్లర, డిసెంబర్‌కి 80 దగ్గర. ఆ ఆర్నెల్లలో మార్షల్ సరుకు దిగింది చాలా కొద్ది. ఇంకేం కావాలి?

మల్లిక్92:
తలకి 60 మార్కులు కదండీ, 40 ఎక్కడిది?

నిఖార్సు:
40.

బెజవాడ బ్యాంకరు:
మల్లిక్ గారూ, హక్కు 60కి, ఆ ఆదివారం చేతికిచ్చింది 40. మిగతా 20 రెండు నెలలు ఆగి ఇచ్చారు. సంస్థలకి జీతాలు ఇచ్చుకోవడానికి పనివాడికి 60 చొప్పున అడ్వాన్సు. ఇది ముందు తేలిపోనీయండి.

ఇక నిఖార్సు గారి సంగతి. ఎర్హార్డ్‌ని కొత్త మార్కుకి తండ్రిని చేసేశారు. ఆ నోట్లు 1947లోనే అమెరికాలో అచ్చవడం మొదలైంది. సుమారు 23,000 పెట్టెలు బ్రెమర్‌హావెన్ రేవులో దిగి ఫ్రాంక్‌ఫర్ట్ చేరాయి. జర్మన్ నిపుణుల్ని 1948 ఏప్రిల్ 20న కాసెల్ దగ్గర రోట్‌వెస్టెన్ సైనిక స్థావరానికి తీసుకెళ్లి, జూన్ 8 దాకా బయటి మొహం చూడనివ్వలేదు. వాళ్లకి మిగిల్చింది చట్టాల ముసాయిదాలు, ఫారాలు రాసే పని. పథకం నడిపింది టెనెన్‌బామ్ అనే కుర్ర అమెరికన్ అధికారి. తొలి నోట్ల మీద జారీ చేసిన బ్యాంకు పేరు లేదు, ఊరు లేదు, సంతకం లేదు. ఎందుకంటే అప్పటికి జారీ చేసే ప్రభుత్వమే లేదు! ధరల కట్లు తెంచిన పేరు ఎర్హార్డ్‌కే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నోటు మాత్రం ఆయనది కాదు.

ఆ సోమవారం షాపుల్లో కనపడిన సరుకు ఎక్కడిదో కూడా చెప్పండి. ఆదివారం రాత్రికి రాత్రి బూట్లు కుట్టారా?

నిఖార్సు:
దాచిందే. కాదన్నానా? దాచిన సరుకు బయటికి రావాలంటే పుచ్చుకునే డబ్బుకి విలువుండాలి. నా పాయింటే మీరు చెబుతున్నారు.

కరీంనగర్ పోరడు:
గిది మన 2016 నోట్ల రద్దు లెక్కనే గదా? గీడ గూడ రాత్రికి రాత్రి చెప్పిన్రు.

శేషగిరి_ఎమ్మే:
కాదు తమ్మీ. మన దగ్గర పాత వెయ్యి కడితే ఖాతాలో వెయ్యే పడింది. అక్కడ బ్యాంకులో దాచిన పొదుపుని పదో వంతు కన్నా తక్కువకి కోసేశారు. పోలిక రహస్యంగా ఉంచడం వరకే. ఆ థ్రెడ్ వేరే ఉంది, ఇక్కడ తెరవకండి.

బెజవాడ బ్యాంకరు:
"మార్షల్ సరుకు చాలా కొద్ది" అన్నదానికి వస్తాను. డాలర్లు ఎలా నడిచాయో తెలిస్తే అలా అనరు. డాలర్ సంచులు జర్మనీకి రాలేదు. అమెరికా పత్తి వ్యాపారికి డాలర్లు అమెరికాలోనే ముట్టేవి. ఆ పత్తి తెచ్చుకున్న జర్మన్ మిల్లు దాని ధర మార్కుల్లో కట్టేది. ఆ మార్కులు విడిగా ఒక ఖాతాలో చేరేవి. 1948 చివర్లో పెట్టిన పునర్నిర్మాణ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ వాటిని కరెంటు, బొగ్గు, ఇళ్ల కోసం దీర్ఘకాలిక అప్పులుగా ఇచ్చింది. పొదుపంతా కోసేశాక దేశంలో దీర్ఘకాలం అప్పివ్వడానికి ఎవరి దగ్గరుంది డబ్బు? ఒకే సరుకు రెండు పనులు చేసింది, మీరు మొదటిదాన్నే లెక్కేస్తున్నారు. 1948కి ముందు అమెరికా సైన్యం పద్దు కింద వచ్చిన తిండి గింజలు అసలు లెక్కలోకే తీసుకోలేదు. అవి లేకపోతే ఆ కూలీ డిసెంబర్ దాకా బతికుండాలి కదా.

ఉత్పత్తి లెక్క కూడా అంత శుభ్రం కాదు. ఆబెల్స్‌హౌజర్ లాంటి చరిత్రకారులు కరెంటు వాడకం పట్టి చూసి, 1947లో రైళ్లు, కాలువలు బాగయినప్పటి నుంచే పరిశ్రమ పుంజుకుందన్నారు. దాచుకునేవాడు తయారుచేసింది తక్కువగానే చూపిస్తాడు. అంటే జూన్‌లో మీ 50 తక్కువ అంకె, అక్కణ్నుంచి చూస్తే డిసెంబర్ దూకుడు పెద్దగా కనిపిస్తుంది.

నిఖార్సు:
ఆ కరెంటు లెక్కని తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు, రిట్షెల్‌ని చదవండి. మీకు అనుకూలమైన చరిత్రకారుణ్ని మాత్రమే తెస్తే ఎలా?

ఇంకోటి. మార్షల్ ప్లాన్ మొత్తం 13 బిలియన్ డాలర్లు. అందులో బ్రిటన్‌కి 3 దాటి, ఫ్రాన్స్‌కి 2.7 వరకు, పశ్చిమ జర్మనీకి 1.4 దగ్గర. డాలరే మందైతే ఎక్కువ మింగినవాడు ముందు లేవాలి. బ్రిటన్‌లో రేషన్ పూర్తిగా పోయింది 1954లో. జర్మనీలో 1950కే పోయింది. దీనికి జవాబు చెప్పకుండా పత్తి కథలు చెప్పొద్దు.

మల్లిక్92:
అంటే మొత్తం 60 అన్నమాటేగా. నేనన్నది అదే.

బెజవాడ బ్యాంకరు:
ధరల కట్లు తెంచాక ఏమైందో కూడా మీరే రాయాల్సింది, రాయలేదు. జూన్ నుంచి ధరలు పైకి, జీతాల మీద బిగింపు మాత్రం నవంబర్ మొదటి దాకా. నవంబర్ 12న 24 గంటల సార్వత్రిక సమ్మె, 90 లక్షల మంది పైన. కేంద్ర బ్యాంకు రుణాలు బిగించింది, బ్యాంకుల తప్పనిసరి నిల్వలు పెంచింది. చవక బూట్లు, బట్టల కోసం "యేడర్‌మన్" పథకం పెట్టాల్సి వచ్చింది. అది స్వేచ్ఛా మార్కెట్టా? జూన్‌లో నాలుగున్నర లక్షలున్న నిరుద్యోగులు 1950 మొదట్లో 20 లక్షలయ్యారు. కొరియా యుద్ధం మొదలయ్యాక ముడిసరుకు దిగుమతులు పెరిగి విదేశీ మారకం అడుగంటితే యూరోపియన్ చెల్లింపుల సంఘం 120 మిలియన్ డాలర్ల ప్రత్యేక అప్పు ఇచ్చింది. 1951 ఫిబ్రవరిలో మీ ఎర్హార్డ్ గారి ప్రభుత్వమే దిగుమతుల మీద మళ్లీ అదుపు పెట్టింది.

బొగ్గు, ఉక్కు, అద్దెలు, ముఖ్యమైన తిండి సరుకులు 1948లో కూడా అదుపులోనే ఉన్నాయి. "అన్నీ వదిలేశాడు" అని ఎవరో చెబితే విని రాస్తున్నారు.

నిఖార్సు:
"అన్నీ" అని నేను రాయలేదు. పైకి వెళ్లి చదువుకోండి. "చాలా సరుకులు" అన్నాను. మీకిది అలవాటే, పోయిన నెల బ్రెటన్‌వుడ్స్ థ్రెడ్‌లో కూడా నేననని మాట నా నోట్లో పెట్టి, మోడరేటర్ చేత నా పోస్టే తీయించారు.

సమ్మె అంటున్నారు కదా, ఆ డిసెంబర్ నుంచే ధరలు ఆగాయి, 1949లో కిందికి దిగాయి. అదుపు మళ్లీ పెట్టి ఉంటే అంతా మళ్లీ గోదాముల్లోకి పోయేది. దాచుకున్నవాడు దొంగ అని మీ ఉద్దేశం. వాడు దాచబట్టే సోమవారం అమ్మడానికి సరుకుంది.

బెజవాడ బ్యాంకరు:
అదిగో, బయటపడ్డారు. దాచుకున్నవాడు పుణ్యాత్ముడు, పాస్‌బుక్కులో దాచుకున్నవాడు పిచ్చివాడు!

లెక్క చూడండి. పాస్‌బుక్కులో 1,000 రైష్‌మార్కులు. తలసరి డబ్బు తాలూకు సర్దుబాటు పక్కన పెడితే, పదికి ఒకటి లెక్కన 100 కొత్త మార్కులు. అందులో 50 చేతికి, 50 స్తంభించిన ఖాతాలో. అక్టోబర్ చట్టంతో ఆ 50లో 35 రద్దు, 10 విడుదల, 5 పెట్టుబడి ఖాతాలో బంధించారు. వెరసి 65. నూటికి ఆరున్నర. అదే వెయ్యితో గోదాములో తోలు కొని పెట్టుకున్నవాడికి? తోలు తోలే. షేరు షేరే. ఇల్లు ఇల్లే. వాటిని ఎవరూ పదితో భాగించలేదు. ఓ సహకార బ్యాంకులో డిపాజిట్టు మునిగిన ఇంటి నుంచి వచ్చాను, ఆ 65 అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నిఖార్సు:
మీ డిపాజిట్టుకీ జర్మనీకీ ఏం సంబంధం సార్? పొదుపు కోసింది ఎర్హార్డ్ కాదు, అమెరికన్లని మీరే రాశారు. మరి కోపం ఆయన మీదెందుకు?

పల్లవి_కె:
మీరిద్దరూ రెండు వేరే ప్రశ్నలకి జవాబులు రాస్తున్నారు. నిఖార్సు గారు "పనిచేసిందా" అంటున్నారు. బ్యాంకరు గారు "ఎవరి జేబు కోసి" అంటున్నారు. రెండోదానిలో ఇద్దరూ ఒక ముక్క వదిలేశారు.

అప్పులు కూడా పదికి ఒకటయ్యాయి కదా, అంటే ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నవాడు లాభపడ్డాడని అనిపిస్తుంది. ఆ తొమ్మిది వంతుల లాభం వాడికి వదల్లేదు. 1948 సెప్టెంబర్‌లోనే దాన్ని ప్రభుత్వం పేరున కట్టేసుకున్నారు, తర్వాత పన్నుగా వసూలు చేశారు. 1952లో భార సమీకరణ చట్టం వచ్చింది. 1948 జూన్ 21 నాటి ఆస్తి విలువలో, మినహాయింపు పోను, సగం పన్ను. తూర్పు ప్రాంతాల నుంచి తరిమేస్తే వచ్చినవాళ్లకీ (అప్పటికే పశ్చిమ జర్మనీలో 80 లక్షల దాకా ఉన్నారు), బాంబుల్లో ఇల్లు పోయినవాళ్లకీ పరిహారం దాన్నుంచే. 1953లో పాత పొదుపరులకి ఇంకో చట్టం: 1940 జనవరి 1 నాటికే ఖాతాలో ఉన్న సొమ్ముకి నూటికి 20 దాకా తెచ్చారు. కాబట్టి ఆరున్నర దగ్గరే లెక్క ఆపేస్తే తప్పు.

కరీంనగర్ పోరడు:
సగం ఆస్తి పన్నా! గట్ల గీడ జేస్తరా ఎవరన్న?

నిఖార్సు:
పల్లవి గారూ, థాంక్స్. నేను రాద్దామనుకున్నది ఇదే. ముందు ఉత్పత్తి లేవాలి, అప్పుడే పంచడానికి ఏదైనా ఉంటుంది. ఆ వరసలోనే చేశారు.

బెజవాడ బ్యాంకరు:
రాద్దామనుకుంటే మొదటి పోస్టులోనే రాసేవారు. పల్లవి గారు చెప్పింది నిజమే, కానీ "సగం" అన్నమాట విని మోసపోకండి. దాన్ని 1979 దాకా మూడు నెలలకోసారి వాయిదాలుగా కట్టించారు. ఏడాదికి చూస్తే అసలు వాయిదా ఆస్తి విలువలో రెండు శాతం లోపే, వడ్డీ కలిపినా ఆస్తి మీద వచ్చే రాబడిలోంచే తీరిపోయేది. పైగా ఇళ్ల విలువ కట్టింది 1935 నాటి పన్ను మదింపుతో. మధ్యలో ధరలు పెరుగుతూ పోయాయి, వాయిదా పెరగలేదు. తోలు దాచుకున్నవాడు ముప్పై ఏళ్లు తీరిగ్గా కట్టాడు. పాస్‌బుక్కువాడు మాత్రం ఆ ఒక్క ఆదివారమే మొత్తం కట్టేశాడు.

పల్లవి_కె:
వాయిదాల సంగతి ఒప్పుకుంటాను. ఒకేసారి సగం అడిగి ఉంటే ఫ్యాక్టరీలు అమ్ముకోవాల్సి వచ్చేది, కొనేవాడెవడు? కొత్త మార్కులు ఎవరి దగ్గరా లేవు. ఆస్తి ఉన్న చోటే ఉంచి రాబడిలోంచి తీసుకోవడం తప్ప దారేముంది?

బెజవాడ బ్యాంకరు:
షేర్లు తీసుకోవచ్చు. సగం షేర్లు ఒక నిధికి రాయించి పొదుపరులకి పంచమని అడిగినవాళ్లు లేరనుకుంటున్నారా?

నిఖార్సు:
ఫ్యాక్టరీలో సగం సర్కారు చేతికా? అప్పట్లో పక్కనే సోవియట్ మండలంలో (సోవియట్ సైన్యం ఏలుబడిలోని తూర్పు జర్మనీలో) అదే జరుగుతోంది. అచ్చేసిన కొత్త నోట్లు లేక జూన్ 23న పాత రైష్‌మార్కు మీదే చిన్న కాగితం కూపన్లు అంటించి చెలామణిలో పెట్టారు, జనం దాన్ని గోడకాగితం మార్కు అన్నారు. మీక్కావల్సింది ఆ జర్మనీ అయితే సూటిగా చెప్పండి.

శేషగిరి_ఎమ్మే:
కూపన్లకీ షేర్ల నిధికీ సంబంధం లేదు నిఖార్సు గారూ. బ్యాంకరు గారు అడిగింది వేరు, దానికి జవాబు రాయండి. 1953 లండన్ అప్పుల ఒప్పందానికి కొత్త థ్రెడ్ తెరుస్తున్నాను. యుద్ధం తర్వాత అందిన సాయం కింద జర్మనీ అమెరికాకి కట్టాల్సిన 3 బిలియన్ డాలర్లు దాటిన బాకీ అందులో 1 బిలియన్ చిల్లరకి దిగింది. మార్షల్ సాయం మాట తేలాలంటే ఆ లెక్క కూడా కావాలి.

మల్లిక్92:
అందులో వడ్డీ కలిపా, విడిగానా?