సమస్య: "చెఱయె న్యాయపీఠ మ్మెక్కి చెప్పెఁ దీర్పు"

నిర్వాహకులు:
ఇంగ్లీషు రచయిత టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫులు అనే జాతికి కల్పించిన భాషల్లో తీర్పుకు సంబంధించిన మాటలను కొన్నాళ్లుగా చదువుతుండగా ఈ పాదం తట్టింది. వాటిలో ఒకటైన క్వెన్యాలో నమ్ అంటే తీర్పు చెప్పడం, నామొ అంటే తీర్పరి. ఎల్ఫుల రాజు ఫిన్వె, ఆయన భార్య మీరియెల్ విషయంలో వెలువడిన శాసనం పేరులో కనిపించే నమ్న కూడా ఆ కుటుంబంలోని మాటే. పూరణలు ఈ మాటల చుట్టూనే తిరగాలి. మన కోర్టులనూ జైళ్లనూ ఇందులోకి తీసుకురావద్దని మనవి.

తెనాలి సభ్యులు:

నామొ యన్నది యాతని నామ మైన
మండొ సను నింటిపేరుతో మనుట వలన
చచ్చి చేరిన యెల్ఫుల సభను నేఁడు
చెఱయె న్యాయపీఠ మ్మెక్కి చెప్పెఁ దీర్పు.

మరణించిన ఎల్ఫుల ఆత్మలు చేరే మందిరాల పేరు మండొస్. ఆ పేరులో ఉన్నది చెర అనే అర్థమే. అంగ్‌బాండ్ అనే ఇనుప చెరలోని 'బాండ్' కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఆ మందిరాల యజమాని అసలు పేరు నామొ అయినా, అందరూ ఆయనను మండొస్ అనే పిలుస్తారు.

డల్లాస్ సభ్యురాలు:
తెనాలి గారూ, 'ఇంటిపేరు' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటికి ఉన్న పేరే మనిషికి ఇంటిపేరుగా మారడం తెలుగువాడికి వివరించవలసిన విషయం కాదు కనుక, సమస్యలోని అసంబద్ధత ఆ ఒక్క మాటతో విడిపోయింది. అయితే 'నామమైన' అన్నచోట 'ఐనను' ఉండాలి కదా? 'ఐన' అంటే విశేషణమై మండొస్‌కు అంటుకుంటుందేమోనని నా సందేహం.

తెనాలి సభ్యులు:
అక్కడ ఉన్నది 'ఐనన్' అమ్మా. తరువాతి పాదం మకారంతో మొదలవుతున్నది. మకారం స్థిరం కనుక చివరి నకారమైన ద్రుతం లోపించింది. అన్వయంలో మీకు కలిగిన తడబాటు మాత్రం నిజమే, దానిని ఒప్పుకుంటున్నాను.

అనంతపురం సభ్యులు:

బద్దు తీర్చెడి ధాతువై పరఁగుచుండ
మొదట నొక్క మకారంబు ముడిపడంగ
జైలుగా మారె నా మాట సభ్యులార
చెఱయె న్యాయపీఠ మ్మెక్కి చెప్పెఁ దీర్పు.

1987లో అచ్చయిన టోల్కీన్ ధాతువుల పట్టికలో తీర్పు చెప్పడానికి బద్ అనే ధాతువు, దాని నుంచి తీర్పుకు బౌధ్, తీర్పరికి బధోర్, బధ్రోన్ అనే మాటలు కనిపిస్తాయి. చెరకు మూలమైనది ంబద్. ఈ రెండింటినీ పోల్చి చూడమని ఆ పట్టికే సూచిస్తున్నది. ఇంటిపేరు కంటే ఇది లోతైన పూరణ అని నా నమ్మకం.

తెనాలి సభ్యులు:
అనంతపురం వారూ, పట్టికను ఇంత శ్రద్ధగా చదివినవారు ఇక్కడ మరొకరు లేరు. కానీ మీ పద్యంలో తీర్పు చెరగా మారుతున్నది, సమస్యలో చెర తీర్పరిగా మారుతున్నది, నడక తిరగబడింది. కిందటి పూరణలో కూడా మీరు అమర్థ్‌ను తీర్పు అన్నారు. అది వేరే ధాతువు, దాని అర్థం విధి. అమోన్ అమర్థ్ అనే కొండ పేరులోనూ, 'విధికి యజమాని' అనే అర్థం గల తురంబార్ అనే వీరుడి పేరులోనూ న్యాయాధికారి ఎక్కడా లేడు.

అనంతపురం సభ్యులు:
అమర్థ్ విషయంలో నేను వెనక్కి తగ్గను. ఇంగ్లీషులో ఆ మాటకు టోల్కీన్ వాడిన 'డూమ్' పాత ఇంగ్లీషులో తీర్పు అనే అర్థంతోనే ఉండేది, ఆయన ఆ రెండు అర్థాలనూ ఎరిగే వాడాడు. మనకు విధి అంటే నుదుటి రాత, శిక్షను 'విధించడం' అంటే న్యాయమూర్తి చేసే పని. ఒకే మాట రెండు పీఠాల మీద కూర్చోవడం మన భాషకు కొత్త కాదు. ధాతువు వేరన్నది మాత్రం మీరు చెప్పినట్టే నిజం. ఇక నడక తిరగబడిందన్న మాట సరైనది కనుక రెండు పాదాలను మార్చాను:

మొదట నిల్చు మకారంబు మొగము దాఁప
జైలు తీర్పయి నిలిచెను సభ్యులార

నిర్వాహకులు:
ఇప్పుడు కుదిరింది. ఇద్దరూ వదిలేసిన విషయం ఒకటున్నది. నామొ తనంతట తాను తీర్పు వెలువరించడు, దేవతల రాజు మాన్వె ఆదేశిస్తేనే వెలువరిస్తాడు. న్యాయపీఠం ఎక్కినవాడి వెనుక ఎక్కించినవాడు కూడా కనిపించే పూరణ కోసం ఇంకా ఎదురు చూస్తున్నాను.

తెనాలి సభ్యులు:
మాన్వె సంగతి రేపు ప్రయత్నిస్తాను. అనంతపురం వారి సవరణ నా పద్యం కంటే బిగువుగా ఉన్నదని ఒప్పుకోవలసిందే. 'సభ్యులార' ఒక్కటే యతి కోసం వచ్చి కూర్చున్నది. నా మూడవ పాదంలోని 'సభను నేఁడు' అక్కడ సరిపోతుంది, తీసుకోండి.