2 గంటల 10 నిమిషాల ఇంటి వీడియోలు ఒకే డీవీడీలో, మెనూతో సహా: ఎలా చెయ్యాలి?

గోదారిగట్టు:
నమస్తే అండీ. షష్టిపూర్తి, బారసాల, పాత పెళ్లి క్యాసెట్ అన్నీ కలిపి 11 వీడియోలు. మొత్తం నిడివి 2 గంటల 10 నిమిషాలు, సైజు 14 జీబీ. ఆరు ఫోన్‌తో తీసినవి (ఎంపీ4, ఒకటి నిలువుగా ఉంది), నాలుగు హ్యాండీక్యామ్ ఎమ్‌టీఎస్ ఫైళ్లు, ఒకటి వీహెచ్ఎస్ నుంచి డీవీడీ రికార్డర్‌తో ఎక్కించిన 4:3 ఫైల్. ఊళ్లో అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నది యూఎస్‌బీ లేని పాత ప్లేయర్. విండోస్‌లో డిస్క్ రాసేటప్పుడు 'విత్ ఎ సీడీ/డీవీడీ ప్లేయర్' అన్నదే ఎంచుకున్నా, ప్లేయర్ మాత్రం డిస్క్ లేదంటోంది. పెట్టగానే మెనూ రావాలి, రిమోట్‌తో కావలసింది ఎంచుకోవాలి. 14 జీబీ ఈ 4.7 జీబీ డిస్క్‌లో పడుతుందా? డల్లాస్‌లో ఉన్న పిన్ని వాళ్లకూ ఒక కాపీ పంపాలి. ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే మేలు.

రీలుబండి:
ముందు ఆ విండోస్ సంగతి. పేరు చూసి మోసపోవద్దు, అది రాసేది కూడా డేటా డిస్కే. మీ ఎంపీ4లు ఎంపీ4లుగానే డిస్క్ మీదకు వెళ్లాయి. పాత ప్లేయర్‌కి కావలసింది డీవీడీ-వీడియో: డిస్క్‌లో వీడియో_టీఎస్ ఫోల్డర్, అందులో ఐఎఫ్‌ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు, లోపల ఎంపెగ్-2 వీడియో. ఫోల్డర్‌కి ఆ పేరు పెట్టి ఎంపీ4లు పడేస్తే పని జరగదు, మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యాల్సిందే, అంటే వీడియోని ఎంపెగ్-2 రూపంలోకి మార్చాల్సిందే.

14 జీబీ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు, నిమిషాలే లెక్క. 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు (విండోస్ దీన్నే 4.37 అని చూపిస్తుంది, కంగారు పడకండి). బిట్లలో 37,600 మెగాబిట్లు. మీ 130 నిమిషాలు 7,800 సెకన్లు. భాగిస్తే సెకనుకు 4.8 మెగాబిట్లు. మెనూకీ ఇతర ఖర్చులకీ కొంచెం వదిలి 4.6 అనుకోండి, ఆడియోకి 192 కిలోబిట్లు తీస్తే వీడియోకి 4.4 మిగులుతుంది. చూడదగ్గట్టే ఉంటుంది. అయితే చేత్తో ఊపుతూ తీసిన వీడియో, క్యాసెట్ గ్రెయిన్, పూల జల్లు, దీపాల మిణుకు లాంటివి బిట్లు తెగ తింటాయి, అక్కడ గళ్లు కనిపిస్తాయి. నా మాట వింటే రెండు డిస్కులు చెయ్యండి. 65 నిమిషాలకైతే 8 పెట్టొచ్చు. లెక్క ప్రకారం 9.8 దాకా అనుమతి ఉన్నా, మనం రాసుకున్న డిస్క్‌లో 8 దాటితే కొన్ని పాత ప్లేయర్లు ఆగి ఆగి ఆడతాయి.

ఎంపెగ్_మాస్టారు:
లెక్క బాగుంది. పని చేసే క్రమం నేను చెప్తా. డీవీడీస్టైలర్ ఉచితం, మెనూ కూడా అందులోనే. కానీ ఫోన్ ఫైళ్లు నేరుగా అందులో వెయ్యొద్దు. ఫోన్ వెలుతురును బట్టి ఫ్రేమ్ రేట్ (సెకనుకు ఎన్ని బొమ్మలన్నది) మార్చుకుంటూ పోతుంది. అలాగే ఎన్‌కోడ్ చేస్తే మొదట్లో బాగానే ఉండి, పది నిమిషాలయ్యేసరికి పంతులు గారి నోరు ఒకటి, మంత్రం ఇంకొకటి అవుతుంది. ముందు హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో రూపం మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) ఫ్రేమ్ రేట్ 25, పక్కన 'కాన్‌స్టంట్', క్వాలిటీ ఆర్‌ఎఫ్ 17 పెట్టి మార్చుకోండి. 30 నుంచి 25కి దిగినప్పుడు కెమెరా పక్కకు తిప్పిన చోట సన్నగా కుదుపు ఉంటుంది, అది తప్పదు.

ఎమ్‌టీఎస్ ఫైళ్లు 1080 ఇంటర్‌లేస్డ్ (సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి తీసినవి) అయి ఉంటాయి. వాటికి హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్స్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యండి. చెయ్యకుండా 576 లైన్లకు కుదిస్తే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు పడతాయి.

క్యాసెట్ ఫైల్‌ని ముట్టుకోవద్దు. అది ఇప్పటికే ఎంపెగ్-2, 720×576. డీవీడీస్టైలర్‌లో ఆ ఫైల్ ప్రాపర్టీస్‌లో వీడియో, ఆడియో రెండిటికీ 'కాపీ' ఎంచుకుంటే నాణ్యత తగ్గదు. ఒక మెలిక ఉంది: అది 2 జీబీ ఉంటే ఆ 2 జీబీ అలాగే పడుతుంది, మిగతా పది వీడియోలకు 2.7 జీబీయే. అప్పుడు ఒకే డిస్క్ పట్టుదల వదిలెయ్యడమే మంచిది.

కొత్త ప్రాజెక్ట్‌లో ఫార్మాట్ పాల్ (మన దేశపు టీవీ పద్ధతి), ఆస్పెక్ట్ (బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) 16:9, బిట్‌రేట్ ఆటో, ఆడియో ఏసీ3. క్యాసెట్‌ది 4:3 కాబట్టి దానికి విడిగా ఒక టైటిల్‌సెట్ (డిస్క్‌లో వీడియోల గుంపు) కలపండి. ఒకే టైటిల్‌సెట్‌లో రెండు ఆస్పెక్ట్‌లు ఉండకూడదు, కలిపితే పెళ్లికూతురు మొహం అడ్డంగా సాగిపోతుంది. నిలువు వీడియో తెరలో మూడో వంతు కన్నా తక్కువే ఆక్రమిస్తుంది. ఆ నల్ల పట్టీలు అలాగే ఉంచండి, సాగదీయొద్దు.

మెనూలో బటన్లు అంచులకు అంటించకండి. పాత టీవీలు నాలుగు వైపులా కొంత కోసేస్తాయి, అక్షరాలు సగం పోతాయి. ప్రతి టైటిల్ అయ్యాక మెనూకి వెనక్కి వచ్చేలా పెట్టండి, లేదంటే కొన్ని ప్లేయర్లు అక్కడే ఆగిపోతాయి.

కె_ట్రాక్:
రాయడం గురించి రెండు ముక్కలు. డీవీడీస్టైలర్ నుంచి నేరుగా డిస్క్‌కి వద్దు, ముందు ఐఎస్‌ఓ ఫైల్‌గా (మొత్తం డిస్క్ ఒకే ఫైల్‌లో) సేవ్ చెయ్యండి. దాన్ని వీఎల్‌సీలో తెరిచి ప్రతి బటన్ నొక్కి చూడండి, తప్పుంటే డిస్క్ వేస్ట్ కాదు. తర్వాత ఇమ్‌గ్‌బర్న్‌లో (డిస్కులు రాసే ప్రోగ్రామ్) 4ఎక్స్ లేదా 8ఎక్స్ వేగంతో, 'వెరిఫై' టిక్ పెట్టి రాయండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదనపు ప్రోగ్రామ్‌లు అడిగితే టిక్కులు తీసెయ్యండి. డిస్క్ డీవీడీ మైనస్ ఆర్ (DVD-R) రకం కొనండి, పాత ప్లేయర్లు దాన్నే ఎక్కువగా ఒప్పుకుంటాయి. తిరిగి రాసుకునే ఆర్‌డబ్ల్యూ వాటికి అసలు నచ్చదు. పైన కాగితం లేబుల్ అంటించొద్దు, అది ఒక పక్కకు బరువై డిస్క్ ఊగుతుంది.

డల్లాస్‌కి ఈ డిస్క్ వద్దు. ఇంట్లో చేసిన దానికి రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు డిస్క్ ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడాలన్న తాళం) గొడవ లేదు గానీ, అక్కడి ప్లేయర్లు చాలావరకు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) మాత్రమే ఆడతాయి. కంప్యూటర్‌లో పాల్ కూడా ఆడుతుంది, టీవీ దగ్గరే సమస్య. హ్యాండ్‌బ్రేక్ నుంచి వచ్చిన ఎంపీ4లనే పెన్ డ్రైవ్‌లో పంపండి, డీవీడీ కన్నా బొమ్మ ఎన్నో రెట్లు నయం.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ, రెండు డిస్కులకే వెళ్తా. ఇంకొక్కటి: నాలుగు ఎమ్‌టీఎస్‌లలో మూడు ఒకే షష్టిపూర్తివి. ఒకటి అయ్యి ఇంకోటి మొదలయ్యే చోట సన్నాయి టక్కున తెగుతోంది.

ఎంపెగ్_మాస్టారు:
కెమెరా ఆపకుండా తీసిన రికార్డింగ్‌నే 2 జీబీ దాటగానే కొత్త ఫైల్‌గా ముక్క చేస్తుంది, కోత ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. విడివిడిగా హ్యాండ్‌బ్రేక్‌కి ఇస్తే ఆ అంచున కొంత ధ్వని పోతుంది. ముందు అతకండి: టీఎస్‌మక్సర్‌లో (ఇలాంటి ఫైళ్లను అతికే ప్రోగ్రామ్) మొదటి ఫైల్‌ని 'యాడ్' చేసి, మిగతా రెండిటిని అదే వరసలో 'జాయిన్' చెయ్యండి. అక్కడ 'యాడ్' మళ్లీ నొక్కితే అతుకు పడదు, ఒకదాని మీద ఒకటి వచ్చేస్తాయి. వచ్చిన ఒక్క ఫైల్‌ని హ్యాండ్‌బ్రేక్‌కి ఇవ్వండి. ఇప్పటికే మార్చిన ఎంపీ4లను అతికితే ఉపయోగం లేదు, కార్డ్‌లోంచి తీసిన అసలు ఎమ్‌టీఎస్‌లే కావాలి.